పెట్టుబడి ఒప్పందాల్లో గ్రామసభకు చోటు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. విదేశీ పెట్టుబడిదారులతో వచ్చే వివాదాల విషయంలో కేంద్రం తన నమూనా ఒప్పందాన్ని, అంటే ఇతర దేశాలతో పెట్టుబడి ఒప్పందాలు చేసుకునేటప్పుడు మూలంగా పెట్టుకునే పాఠాన్ని, వెంటనే సవరించాలని కోరుతూ ఇటీవల మీ పత్రిక రాసిన సంపాదకీయం చదివాను. 2025 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి ఈ నమూనాను పెట్టుబడిదారులకు మరింత అనుకూలంగా మారుస్తామని ప్రకటించినప్పటి నుంచి చర్చ అంతా పన్నులు, ఎన్నేళ్లు స్థానిక కోర్టుల్లో తిరగాలి, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తుల ముందు విచారణ) ఏ నగరంలో జరగాలి అన్న విషయాల చుట్టూనే సాగుతోంది. రాయగడలో వకాలతు చేస్తూ భూమి, అటవీ హక్కుల కేసులు చూసే నాకు ఆ చర్చలో ఒక పెద్ద లోటు కనిపిస్తోంది. రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతంలో గ్రామసభ వద్దన్న పనిని ప్రభుత్వం ఆపినప్పుడు, ఆ ఆపడమే విదేశీ కంపెనీకి నష్టపరిహారం కోరే హక్కును తెచ్చిపెడుతుందా అన్న ప్రశ్నకు ఒప్పందంలోనే సమాధానం ఉండాలి. నేటి నమూనాలో అది సూటిగా లేదు. సవరించబోయే నమూనాలోనూ రాయకపోతే దాని ఫలితం ముందుగా తగిలేది మా సరిహద్దు కొండలకే.

ఈ విధానం తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఒక దేశపు కంపెనీ మన దేశంలో పెట్టుబడి పెట్టి, ఇక్కడి ప్రభుత్వ చర్య వల్ల అన్యాయంగా నష్టపోయానని భావిస్తే, ఆ రెండు దేశాల మధ్య ఉన్న పెట్టుబడి ఒప్పందం ఆధారంగా నేరుగా భారతదేశం మీద అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో దావా వేయవచ్చు. సాధారణంగా కంపెనీ ఒక ఆర్బిట్రేటరును, ప్రభుత్వం మరొకరిని ఎంచుకుంటాయి. మూడవవారు అధ్యక్షత వహిస్తారు. వారిచ్చే అవార్డు, అంటే తీర్పు మీద, దానిని రద్దు చేయడానికి ఉన్న కొన్ని పరిమిత కారణాలు తప్ప, మనకు అలవాటైన అప్పీలు ఉండదు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 1965లో వచ్చిన వాషింగ్టన్ కన్వెన్షన్‌లో భారత్ చేరలేదు కాబట్టి మన కేసులు ఎక్కువగా ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ కమిషన్ నియమాల కింద నడుస్తాయి. అయితే 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్ వల్ల ఆ అవార్డును పట్టుకుని కంపెనీ ఇతర దేశాల కోర్టుల్లో మన ఆస్తుల వెంట పడవచ్చు. 2020 డిసెంబరులో పన్ను వివాదంలో గెలిచిన కెయిర్న్ సంస్థ మరుసటి ఏడు ప్యారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులపై అక్కడి కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. ఎయిర్ ఇండియాను ప్రభుత్వానికి మారుపేరుగా పరిగణించాలని న్యూయార్క్ కోర్టులో దావా వేసింది. ఆ ఆగస్టులోనే పార్లమెంటు 2012 నాటి వెనుక తేదీ పన్ను సవరణ ప్రభావాన్ని తొలగించే చట్టం చేసింది.

నేను ఈ విధానానికి వ్యతిరేకిని కాను. వైట్ ఇండస్ట్రీస్ కేసు గుర్తుకొస్తే వ్యతిరేకించడం కష్టం కూడా. ఆ ఆస్ట్రేలియా కంపెనీ 1989లో పిపర్‌వార్ బొగ్గు గని అభివృద్ధికి కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకుంది. తర్వాత తగాదా వచ్చి, వాణిజ్య ఆర్బిట్రేషన్‌లో 2002లో కంపెనీకి అనుకూలంగా అవార్డు వచ్చింది. దానిని రద్దు చేయాలని కోల్ ఇండియా కలకత్తా హైకోర్టుకు, అమలు చేయాలని కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఏళ్లు గడిచాయి, ఏదీ తేలలేదు. చివరికి కంపెనీ భారత్–ఆస్ట్రేలియా పెట్టుబడి ఒప్పందం కింద భారతదేశం మీదే దావా వేసి 2011 నవంబరులో గెలిచింది. తమ హక్కులు కాపాడుకోవడానికి సమర్థమైన న్యాయమార్గం కల్పించలేదన్నది దాని వాదన. విచిత్రమేమిటంటే, ఆ హామీ భారత్–ఆస్ట్రేలియా ఒప్పందంలో లేనేలేదు. మరో దేశపు పెట్టుబడిదారులకు ఇచ్చిన మెరుగైన హామీ వీరికీ దక్కాలనే అత్యంత అనుకూల దేశ నిబంధనను వాడుకుని భారత్–కువైట్ ఒప్పందంలోని హామీని ట్రిబ్యునల్ ఈ కేసులోకి తీసుకువచ్చింది. ఆ అరువు తెచ్చుకోవడం న్యాయశాస్త్రపరంగా చర్చించదగినదే. కానీ మన కోర్టుల్లో ఆలస్యం గురించి ట్రిబ్యునల్ చెప్పినదానిని, రోజూ వాయిదాల మధ్య బతికే ఏ వకీలూ కాదనలేడు.

ఆ దెబ్బతోనే, తర్వాత వోడాఫోన్ పన్ను కేసు వంటి దావాల భయంతోనే, 2015 డిసెంబరు నమూనా వచ్చింది. అందులో అత్యంత అనుకూల దేశ నిబంధనను తీసేశారు, పన్నుల వ్యవహారాలను మినహాయించారు, ట్రిబ్యునల్‌కు వెళ్లేముందు ఐదేళ్లు స్థానిక న్యాయమార్గాలను ప్రయత్నించాలన్నారు. న్యాయసమ్మతమైన, సమానమైన వ్యవహారం అనే విస్తృతమైన హామీ స్థానంలో న్యాయ నిరాకరణ, విచారణ పద్ధతిలో మౌలికమైన లోపం, లక్షిత వివక్ష, దౌర్జన్యపూరిత వ్యవహారం వంటి కొన్ని నిర్దిష్టమైన తప్పులను మాత్రమే పెట్టారు. పాత ఒప్పందాల్లో అత్యధిక భాగానికి ప్రభుత్వం రద్దు నోటీసులిచ్చింది. రద్దయినా, అప్పటికే వచ్చిన పెట్టుబడులకు మరో పదిహేనేళ్ల వరకు రక్షణ కొనసాగే నిబంధన వాటిలో చాలావాటికి ఉంది. ఈ సంగతి చర్చల్లో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఆ తర్వాత యుఏఈతో కుదిరి 2024 ఆగస్టు 31న అమల్లోకి వచ్చిన ఒప్పందంలో ఐదేళ్లను మూడేళ్లకు తగ్గించారు. గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మా కొండల సంగతి. యుఏఈ పేరు వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. విశాఖ ఏజెన్సీ బాక్సైటు కోసం 2007లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యుఏఈలోని రస్ అల్ ఖైమా ఎమిరేట్‌తో ఎంఓయూ (అవగాహన పత్రం) చేసుకుంది. ప్రైవేటు కంపెనీకి ఏజెన్సీలో గని లీజు ఇవ్వడానికి 1997 నాటి సమతా తీర్పు అడ్డు వస్తుంది కాబట్టి, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి ఖనిజం సరఫరా చేయాలని, మైదానంలో మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ అల్యూమినియం రిఫైనరీ కట్టాలని ఏర్పాటు. రిఫైనరీ లేచింది. చింతపల్లి వైపు కొండల్లో జనం ఒప్పుకోలేదు. 2015 నవంబరులో జెర్రెల గనుల కోసం అటవీ భూమి మళ్లిస్తూ జీవో 97 వచ్చినప్పుడు ఏజెన్సీ అంతా కదిలింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది, 2019లో జీవో పూర్తిగా రద్దయింది. ఈలోగా 2016 చివరలో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ, 2013లో సంతకమైన భారత్–యుఏఈ ఒప్పందం కింద, ఖనిజం సరఫరా ఆగిపోయిందంటూ సుమారు 4.5 కోట్ల డాలర్ల పరిహారం కోరుతూ కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఎంఓయూ రాసినప్పుడు లేని ఒప్పందం, ఎంఓయూ చెడినప్పుడు అక్కరకు వచ్చింది.

ఇందులో కంపెనీని మాత్రమే తప్పుపట్టడం సులువు, కానీ సరైనది కాదు. ఒక రాష్ట్ర ప్రభుత్వం ముఖ్యమంత్రి స్థాయిలో ఖనిజం ఇస్తానని రాసిచ్చి, రిఫైనరీ కట్టించి, తర్వాత ఇవ్వలేనంటే పెట్టుబడి పెట్టినవాడు అడగడా? తప్పు ఆ వరుసలో ఉంది. ముందు రిఫైనరీ, తర్వాత కొండ మీద అనుమతి. లాంజిగఢ్‌లోనూ అదే జరిగింది. కలహండి జిల్లాలో వేదాంత రిఫైనరీ లేచిన తర్వాతే నియమగిరి మీద ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ తవ్వవచ్చా లేదా అన్నది తేలింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద తమ మత, సాంస్కృతిక హక్కుల గురించి గ్రామసభలే నిర్ణయించాలన్నది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో మా రాయగడ, పక్క కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు వద్దన్నాయి. ఆ వివాదం మన కోర్టులోనే ముగిసింది. విశాఖ ఏజెన్సీ వివాదం ఇక్కడితో ముగియలేదు, దేశం దాటింది. రెండు చోట్లా రాష్ట్ర గనుల కార్పొరేషన్ మధ్యలో నిలబడింది, రెండు చోట్లా హామీ ఇచ్చినవారికి ఆ హామీ ఇచ్చే అధికారం పూర్తిగా లేదు.

అధికారం లేని హామీని పట్టించుకోనక్కర్లేదు కదా అని అనుకుంటే పొరపాటు. మెక్సికోలో మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీ గ్వాదల్‌కాసర్ అనే చిన్న మునిసిపాలిటీ పరిధిలో ప్రమాదకర వ్యర్థాల డంపింగ్ కేంద్రం కట్టింది. కావలసిన అనుమతులన్నీ ఉన్నాయని, మునిసిపాలిటీ అనుమతి ఇవ్వక తప్పదని కేంద్ర అధికారులు భరోసా ఇచ్చారన్నది కంపెనీ వాదన. నిర్మాణం పూర్తయ్యాక 1995 డిసెంబరులో మునిసిపాలిటీ అనుమతి నిరాకరించింది. ట్రిబ్యునల్ 2000లో కంపెనీ మాట విని, మెక్సికో 1.66 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలన్నది. ప్రమాదకర వ్యర్థాల విషయంలో మునిసిపాలిటీకి అధికారం లేదని కూడా చెప్పింది. మరుసటి ఏడు కెనడా కోర్టు ఆ అవార్డులో కొంత భాగాన్ని కొట్టివేసినా, చెల్లింపు భారం చాలావరకు మెక్సికో మీదే మిగిలింది. మునిసిపాలిటీ ఉన్నచోట గ్రామసభను, కేంద్ర అధికారి ఉన్నచోట మన పరిశ్రమల శాఖ కార్యదర్శిని పెట్టి చూడండి. పెసా (షెడ్యూల్డు ప్రాంతాల్లో పంచాయతీలకు, గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం), అటవీ హక్కుల చట్టం తెలిసిన ఆర్బిట్రేటరు ఆ ముగ్గురిలో ఉంటారన్న నమ్మకం ఏముంది? పైగా, స్వదేశీ చట్టాన్ని చూపించి అంతర్జాతీయ బాధ్యత నుంచి తప్పించుకోకూడదన్నది ఒప్పందాల న్యాయంలో పాత సూత్రం. వియన్నా కన్వెన్షన్‌లోని 27వ అధికరణం అది. భారత్ ఆ కన్వెన్షన్‌లో సభ్యదేశం కాకపోయినా ఆ సూత్రం ఆచారంగా మనకూ వర్తిస్తుంది.

ఆదివాసీల సమ్మతి ప్రశ్న సూటిగా వచ్చిన కేసు పెరూలోది. పూనో ప్రాంతంలో సాంతా అనా వెండి గనికి బేర్ క్రీక్ అనే కెనడా కంపెనీకి 2007లో అనుమతి దొరికింది. అయ్‌మారా ప్రజలు పెద్ద ఎత్తున ఆందోళన చేయగా 2011లో ప్రభుత్వం ఆ అనుమతిని రద్దు చేసింది. 2017 నవంబరులో ట్రిబ్యునల్ పెరూను తప్పుపట్టింది. అయితే కంపెనీ అడిగిన 50 కోట్ల డాలర్లకు పైబడిన మొత్తాన్ని ఇవ్వలేదు. అప్పటిదాకా పెట్టిన ఖర్చు కింద 1.82 కోట్ల డాలర్లు, వడ్డీ ఇచ్చింది. ఆర్బిట్రేటర్లలో ఒకరైన ఫిలిప్ సాండ్స్ మాత్రం, స్థానిక ప్రజల నమ్మకం సంపాదించడంలో కంపెనీయే విఫలమైంది కాబట్టి ఆ మొత్తాన్ని కూడా సగానికి తగ్గించాలని వేరుగా రాశారు. నా దృష్టిలో న్యాయం ఆయన పక్షాన ఉంది. ఒక కొండ మీద ఎవరున్నారో, వారికి చట్టం ఏ హక్కులిచ్చిందో తెలుసుకోవడం పెట్టుబడిదారు పని కూడా. అయినా ఒక ఆర్బిట్రేటరు భిన్నాభిప్రాయం మీద మన ఖజానాను ఆధారపెట్టలేం. అది ఒప్పందం పాఠంలోకి రావాలి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. న్యూజిలాండ్ తన ఒప్పందాల్లో అక్కడి మూలవాసులైన మావోరీలకు వైతాంగి సంధి కింద ఇవ్వవలసిన ప్రాధాన్యం ఇవ్వడానికి ఒప్పందం అడ్డు కాదని ఏళ్ల తరబడి రాసుకుంటోంది. పసిఫిక్ దేశాల పెద్ద వాణిజ్య ఒప్పందంలో అది 29.6వ అధికరణంగా ఉంది. 2020లో అమల్లోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందంలోనూ ఆదివాసీల పట్ల చట్టపరమైన బాధ్యతల నెరవేర్పుకు 32.5వ అధికరణం కింద మినహాయింపు ఉంది. రెండింటిలోనూ, ఆ పేరు చెప్పి విదేశీయుల మీద నిష్కారణ వివక్ష చూపకూడదన్న షరతు ఉంది. ఆ షరతు మనకూ అవసరమే. గ్రామసభ అసలు జరిగిందా, తీర్మానం మీది వేలిముద్రలు ఎవరివి అన్న వివాదాలు మా జిల్లాల్లో కొత్తవి కావు. గ్రామసభ పేరును వాడుకుని ఒక కంపెనీని తోసేసి మరో కంపెనీని కూర్చోబెట్టే ప్రభుత్వానికి ఈ మినహాయింపు గొడుగు కాకూడదు.

కాబట్టి కొత్త నమూనాలో ఉండవలసిన మాట ఇది: రాజ్యాంగం 244వ అధికరణం, ఐదవ షెడ్యూలు, పెసా, 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ సద్బుద్ధితో తీసుకున్న నిర్ణయాన్ని అమలుచేయడం ఒప్పంద ఉల్లంఘన కాదు. గ్రామసభ సమ్మతి రాకముందు ఏ మంత్రిగాని, అధికారిగాని, ప్రభుత్వ కార్పొరేషన్‌గాని ఇచ్చిన హామీ పెట్టుబడిదారుకు ఒప్పందం కింద రక్షణ పొందే ఆశను కలిగించదు. రెండో వాక్యం మొదటిదానికంటే ముఖ్యమని నా అభిప్రాయం. పెట్టుబడిదారులకు అనుకూలంగా సవరించడమంటే, న్యాయసమ్మతమైన వ్యవహారం అనే పాత హామీ, దానితోపాటు ప్రభుత్వ హామీని నమ్మినవారి ఆశకు రక్షణ ఉండాలంటూ ట్రిబ్యునళ్లు దాని చుట్టూ అల్లిన న్యాయమైన ఆశల సిద్ధాంతం తిరిగి వచ్చే అవకాశం ఉంది. అది వస్తే రక్షణ లేకుండా రానివ్వకూడదు. ముందే రాసిపెడితే పెట్టుబడిదారుకూ మేలే: రిఫైనరీకి పునాది తీసేముందే కొండ సంగతి తేల్చుకోవాలని అతనికి తెలుస్తుంది.

రాష్ట్రాల సంగతి మరొకటి. ఒప్పందాలు చేసేది కేంద్రం, భూమి, గనుల లీజుల దగ్గర కూర్చునేది రాష్ట్రం. అంతర్జాతీయ న్యాయానికి ఆ తేడా కనిపించదు. రాష్ట్రం చేసినా, మునిసిపాలిటీ చేసినా అది దేశం చేసినట్టే. కొటియా గ్రామాలు ఆంధ్రవా, ఒడిశావా అని రెండు ప్రభుత్వాలు దశాబ్దాలుగా తగువు పడుతున్నాయి. అక్కడ రేపు ఒక గని వివాదం వస్తే ట్రిబ్యునల్‌కు ఆ తగువుతో పనే ఉండదు. తమిళనాడు ప్రోత్సాహకాల బకాయి అంటూ నిస్సాన్ సంస్థ 2017లో దావా తెచ్చింది భారతదేశం మీదనే. అది 2020లో రాజీతో ముగిసింది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం 2008లో అబిటిబి కాగితపు కంపెనీ ఆస్తులను స్వాధీనం చేసుకుంటే, 2010లో 13 కోట్ల కెనడా డాలర్లు కట్టింది ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం. హామీ ఇచ్చిన రాష్ట్రం ఆ ఖర్చులో ఎంత భరించాలో మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఆ చట్టం వచ్చేదాకా రాష్ట్రాలు ఎంఓయూల సభల్లో ఉదారంగానే ఉంటాయి. ఇక పెసా మాటకొస్తే, 1996 నాటి ఆ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 2011లో నియమాలు చేసుకుంది. ఒడిశా ముసాయిదాను 2023లో గాని బయటపెట్టలేదు. గ్రామసభ ఎలా కూర్చోవాలో నియమమే స్పష్టంగా లేనిచోట దాని నిర్ణయాన్ని ట్రిబ్యునల్ ముందు నిలబెట్టడం ప్రభుత్వ న్యాయవాదికి కూడా కష్టమే.

చివరగా గోప్యత. ఇలాంటి దావాల్లో కొండ మీద ఉన్నవారికి కుర్చీ లేదు. పెరూ కేసులో పూనోకు చెందిన ఒక సంస్థకు లిఖితపూర్వక వాదన ఇచ్చే అవకాశం దొరికింది. జింబాబ్వే మీద ఫాన్ పెట్జోల్డ్ కుటుంబం వేసిన కేసులో మాత్రం, ఆ భూముల మీద హక్కు కోరిన ఆదివాసీ సముదాయాల విన్నపాన్ని 2012లో ట్రిబ్యునల్ తిరస్కరించింది. మన కేసుల పత్రాలు చాలావాటిని ఈ దేశ పౌరులే చూడలేరు. 2014లో వచ్చిన ఐక్యరాజ్యసమితి పారదర్శకత నియమాలను భారత్ తన కొత్త ఒప్పందాలన్నిటికీ వర్తింపజేస్తే, విచారణలు బహిరంగమవుతాయి, ప్రభావితులైనవారు తమ మాట దాఖలు చేయడానికి దారి ఏర్పడుతుంది.

పార్లమెంటు విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం 2021లో ఈ ఒప్పందాల మీద ఒక నివేదిక ఇచ్చింది. సవరించిన నమూనా ముసాయిదా ఖరారయ్యేలోగా అదే సంఘం ముందుకు దానిని మళ్లీ రప్పించడం కొరాపుట్, అరకు లోక్‌సభ సభ్యులు చేయగల పని. రెండూ షెడ్యూల్డు తెగలకు కేటాయించిన స్థానాలే, కొటియా కొండలకు చెరోవైపున ఉన్నవే. గ్రామసభ నిర్ణయానికి మినహాయింపు పెడతారా లేదా అని వారిద్దరూ వాణిజ్య, ఆర్థిక శాఖలను లిఖితపూర్వకంగా అడగాలని, వచ్చిన జవాబును మీ పత్రిక ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు ఎడిషన్లలో పూర్తిగా ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
రాయగడ, ఒడిశా